పొగా? నిప్పా? – ఫిలడెల్ఫియా క్రోమోజోము చరిత్ర



ఊళ్ళ పేర్లతో ప్రసిద్ధికెక్కిన వస్తువులకు మనకు కొదవ లేదు. ఉప్పాడ చీర, బందరు లడ్డు, ఆత్రేయపురం పూతరేకు, కొండపల్లి బొమ్మ – ఆ ఊరి పనివాళ్ళ నేర్పు ఆ పేరులోనే నిలిచి ఉన్నది. అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరం పేరు మాత్రం మనిషి రక్తకణంలోని ఒక వికృతికి దక్కింది. 1960లో ఆ నగరంలో ఇద్దరు పరిశోధకులు సూక్ష్మదర్శిని కింద చూసిన ఒక పొట్టి క్రోమోజోమును లోకం నేటికీ ఫిలడెల్ఫియా క్రోమోజోము అనే పిలుస్తున్నది. ఒకానొక కేన్సరులో విడవకుండా కనిపించే క్రోమోజోము గుర్తు దొరకడం అదే మొదలు. ఈనాడు రోగుల పరీక్ష చీటీలలో కనిపించే జన్యువుల పేర్లకూ, శాతాలకూ, సంకేతాక్షరాలకూ వంశవృక్షం గీస్తే, ఆ పొట్టి క్రోమోజోము మూలపురుషుని స్థానంలో ఉంటుంది.

నేను భాషాప్రవీణ చదివినవాడిని. వైద్యం నా విద్య కాదు. అయినా ఈ చరిత్ర నన్ను పట్టుకోవడానికి కారణం అందులోని ప్రశ్న. అది మన తార్కికులు ఎన్నడో వేసుకున్న ప్రశ్నే. కొండ మీద పొగ కనిపిస్తే అక్కడ నిప్పు ఉన్నదని ఊహిస్తాము. పొగ లింగము, అనగా గుర్తు, నిప్పు సాధ్యము. పొగను బట్టి నిప్పును తెలుసుకోవచ్చును గాని, పొగను విసనకర్రతో తరిమినంత మాత్రాన మంట ఆరదు. కేన్సరు కణంలో కనిపించిన గుర్తు పొగా, లేక నిప్పా? ఈ ఒక్క ప్రశ్నకు సమాధానం చెప్పడానికి శాస్త్రజ్ఞులకు దాదాపు నూరేళ్ళు పట్టింది. ఆ సమాధానం మీద లక్షల మంది ప్రాణాలు ఆధారపడి ఉన్నవి.

కథ జర్మనీలో మొదలవుతుంది. 1845లో బెర్లినులో రుడాల్ఫ్ విర్కో అనే ఇరవై నాలుగేళ్ళ వైద్యుడు, మరణించిన ఒక రోగి రక్తంలో తెల్లకణాలు అపరిమితంగా పెరిగి ఉండడం గమనించినాడు. అదే ఏడాది ఎడింబరోలో జాన్ హ్యూస్ బెన్నెట్ కూడా అటువంటి రోగినే వర్ణించినాడు. అయితే ఆయన దానిని రక్తంలో చేరిన చీముగా భావించినాడు. విర్కో అది చీము కాదనీ, రక్తకణాల వ్యవస్థలోనే వచ్చిన మార్పనీ వాదించి, 1847లో ‘తెల్లని రక్తం’ అనే అర్థం వచ్చే గ్రీకు మాటలతో ‘ల్యుకేమియా’ అన్న పేరు పెట్టినాడు. రోగాన్ని వెదకవలసిన చోటు కణమేనని ఆయన 1858లో ప్రకటించిన సిద్ధాంతం నేటి పేథాలజీకి పునాది.

కణంలో ఎక్కడ వెదకాలి? 1890లో డేవిడ్ ఫాన్ హాన్సెమన్ కేన్సరు కణాలు విభజన చెందేటప్పుడు క్రోమోజోములు సరిసమానంగా పంపకం కాకపోవడం గమనించినాడు. తరువాత థియోడర్ బొవేరి అనే జంతుశాస్త్రజ్ఞుడు సముద్రపు అర్చిన్ల గుడ్ల మీద ప్రయోగాలు చేసి, క్రోమోజోములు ఒక్కొక్కటి ఒక్కొక్క విధమైన గుణాన్ని మోస్తాయనీ, వాటి పంపకం తప్పితే పెరుగుదల గతి తప్పుతుందనీ గ్రహించినాడు. కేన్సరు గడ్డ అటువంటి ఒకే ఒక్క కణం సంతానమని 1914లో ఒక పుస్తకంలో ప్రతిపాదించినాడు. మరుసటి ఏడాదే ఆయన మరణించినాడు. ఊహ సరియైనదే గాని, నిరూపించడానికి తగిన పనిముట్లు ఆనాటికి లేవు.

ఎంతగా లేవంటే, మనిషి కణంలో క్రోమోజోములు ఎన్ని అన్నదే ఎవరికీ సరిగా తెలియదు. 1920ల నుండి మూడు దశాబ్దాలకు పైగా పాఠ్యపుస్తకాలు నలభై ఎనిమిది అని చెబుతూ వచ్చినవి. పుస్తకంలో ఉన్నది గనుక చూసినవారికీ నలభై ఎనిమిదే కనిపించినవి! 1956లో స్వీడనులోని లుండ్ నగరంలో జో హిన్ త్యో, ఆల్బర్ట్ లెవాన్ కలిసి సరిగా లెక్కపెట్టి నలభై ఆరని తేల్చినారు. వైయాకరణులు, లేఖకులు తరతరాలుగా ఒకరిని చూచి ఒకరు వ్రాసిన తప్పు పాఠాలను చూసిన మాబోటివారికి ఇందులో ఆశ్చర్యం ఏమీ లేదు.

లెక్క తేలిన నాలుగేళ్ళకే ఫిలడెల్ఫియా ఘట్టం. పీటర్ నోవెల్ అక్కడి పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో పేథాలజీ విభాగంలో చేరిన యువకుడు. రోగుల తెల్లకణాలను సీసాలలో పెంచి, గాజుపలకల మీద పరీక్షిస్తుండేవాడు. ఒకనాడు పలకలను కుళాయి నీటితో కడిగినాడు. నీరు లోపలికి చేరి కణాలు ఉబ్బినవి. ముద్దగా ఉండవలసిన క్రోమోజోములు విడివిడిగా పరచుకొని కనిపించినవి. అవి ఏమి చెబుతాయో చదవగల విద్య నోవెల్ వద్ద లేదు. అదే నగరంలోని కేన్సరు పరిశోధన సంస్థలో క్రోమోజోముల మీద సిద్ధాంత వ్యాసం వ్రాసుకుంటున్న డేవిడ్ హంగర్‌ఫర్డ్ వద్ద ఆ విద్య ఉన్నది. ఇద్దరూ కలిసినారు. దీర్ఘకాలిక మైలాయిడ్ ల్యుకేమియా అనే రక్తకేన్సరు రోగులలో ఒక క్రోమోజోము మరీ పొట్టిగా ఉన్నదని మొదట గమనించినది హంగర్‌ఫర్డ్. ఏడుగురు రోగులలో దానిని చూసి 1960లో ‘సైన్స్’ పత్రికలో చిన్న ప్రకటన చేసినారు. ఆ మార్పుకూ రోగానికీ కార్యకారణ సంబంధం ఉండవచ్చునని కూడా అందులో సూచించినారు.

ఆ సూచనను లోకం వెంటనే అంగీకరించలేదు. కేన్సరు కణాలలో క్రోమోజోములు చిందరవందరగా ఉండడం తెలిసిన సంగతే. ఇల్లు తగలబడినప్పుడు దూలాలు విరగడం వంటిదే ఇదీనని చాలామంది అభిప్రాయం. విరిగిన దూలం మంటకు ఫలితమే గాని కారణం కాదు కదా! అనగా వారి దృష్టిలో ఫిలడెల్ఫియా క్రోమోజోము పొగ. పైగా ఆ పొట్టితనం ఎట్లా వచ్చిందో ఎవరికీ తెలియదు. ఒక ముక్క తెగి నశించి ఉంటుందని అనుకున్నారు.

ఈ చిక్కు విడదీసినది ఒక గృహిణి అంటే అతిశయోక్తి కాదు. జానెట్ రౌలీ 1925లో జన్మించినారు. చికాగో వైద్యకళాశాల తరగతిలో అరవై అయిదు మందికి ముగ్గురు స్త్రీలనే తీసుకునే రోజులవి. ఆ ఏటి ముగ్గురి లెక్క నిండిపోవడంతో ఆమె తొమ్మిది నెలలు వేచి చేరవలసి వచ్చింది. వివాహమైన తరువాత నలుగురు మగపిల్లలను పెంచుతూ, చాలా ఏళ్ళు వారానికి మూడు రోజులే పని చేసినారు. 1970 ప్రాంతంలో క్రోమోజోములకు అడ్డచారలు కనిపించేటట్లు రంగు వేసే పద్ధతులు వచ్చినవి. అప్పటిదాకా పొడుగు పొట్టి తేడాతో మాత్రమే గుర్తించినవాటిని చారలను బట్టి ఆనవాలు పట్టవచ్చును. రౌలీ ఆ పద్ధతిని ఆక్స్‌ఫర్డులో నేర్చుకొని వచ్చినారు. ఫొటోలు ఇంటికి తెచ్చి, భోజనాల బల్ల మీద పరచి, క్రోమోజోములను కత్తెరతో కత్తిరించి జతలు పేర్చేవారు. అమ్మ కాగితపు బొమ్మలతో ఆడుకుంటున్నదని పిల్లలు ఆటపట్టించేవారట.

ఆ బల్ల మీద తేలిన సంగతి ఇది. పొట్టిదైనది ఇరవై రెండవ క్రోమోజోము. దాని ముక్క నశించలేదు. తొమ్మిదవ క్రోమోజోము చివర అతుక్కొని ఉన్నది. 1973లో ‘నేచర్’ పత్రికలో ఈ సంగతి వెలువడింది. తెగిపోవడం వేరు, తారుమారు కావడం వేరు. తారుమారు అయినదంటే, అతుకు పడిన చోట ఏమి పుట్టిందో చూడాలి. ప్రశ్న దిశే మారిపోయింది.

చూసినారు. ఎలుకలలో ల్యుకేమియా కలిగించే ఒక వైరసులో ఏబీఎల్ అనే జన్యువు అంతకుముందే దొరికి ఉన్నది. మనిషిలో దాని స్థానం తొమ్మిదవ క్రోమోజోము అనీ, ఈ రోగంలో అది ఇరవై రెండవ దాని మీదికి చేరుతున్నదనీ 1982లో తేలింది. అక్కడ అది బీసీఆర్ అనే మరొక జన్యువు వెనుక అతుకుతున్నదని తరువాతి రెండు మూడేళ్ళలో స్పష్టమైనది. మా వ్యాకరణ పరిభాషలో చెప్పవలెనంటే ఇది వైరి సమాసం. పూర్వపదం బీసీఆర్, పరపదం ఏబీఎల్. విడివిడిగా రెండూ సాధు శబ్దాలే. శాస్త్రం ఒప్పుకోని చోట అతికినందువలన పుట్టిన మాట మాత్రం దుష్టం. 1990లో ఈ అతుకు జన్యువును ఎలుకల మజ్జ కణాలలో ప్రవేశపెట్టి చూస్తే ఆ ఎలుకలకు ఇటువంటి ల్యుకేమియాయే వచ్చింది. ముప్ఫై ఏళ్ళ సందేహం తీరింది. అందరూ పొగ అనుకున్నది నిప్పే.

ఇక్కడ మన తెలుగువారికి ఒక సంబంధం ఉన్నది. ఏబీఎల్ జన్యువు తయారు చేసే మాంసకృత్తు ఒక విధమైన మీట. అది ఏటీపీ అనే అణువు నుండి ఫాస్ఫేటును తీసి ఇతర మాంసకృత్తులకు అంటించి, పెరగమని ఆజ్ఞ ఇస్తుంది. సహజమైన మీట అవసరాన్ని బట్టి తెరుచుకొని మూసుకొంటుంది. వైరి సమాసంలోని మీట ఎప్పుడూ తెరిచే ఉంటుంది. ఆ ఏటీపీ అణువును 1929లో హార్వర్డులో సైరస్ ఫిస్క్‌తో కలిసి కనుగొన్నవారు భీమవరంలో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. అదే కాలంలో జర్మనీలో కార్ల్ లోమన్ కూడా స్వతంత్రంగా దానిని కనుగొన్నాడు. సుబ్బారావు గారు తరువాత లెడర్లీ ప్రయోగశాలలో ఉండగా ఆయన బృందం తయారు చేసిన అమినాప్టెరిన్ అనే మందును బోస్టనులో సిడ్నీ ఫార్బర్ అనే పేథాలజిస్టు ల్యుకేమియా పిల్లలకు ఇచ్చినాడు. 1948 జూనులో ప్రకటించిన ఫలితం ప్రకారం పదహారు మందిలో పది మందికి తాత్కాలికంగా గుణం కనిపించింది. అంతకుముందు ఆ పిల్లలకు మందన్నదే లేదు. ఆ ఆగస్టులోనే సుబ్బారావు గారు కన్నుమూసినారు. అయితే ఆ మందు విభజన చెందే కణాలన్నిటినీ దెబ్బతీసేది. కేన్సరు కణం గుర్తును పట్టి దానినే వెదకి కొట్టే మందు రావడానికి మరో అయిదు దశాబ్దాలు పట్టింది.

దీర్ఘకాలిక మైలాయిడ్ ల్యుకేమియాకు మూడు దశలు ఉన్నవి. మొదటి దశ నెమ్మదిగా కొన్నేళ్ళు నడుస్తుంది. నడిమి దశలో వేగం పుంజుకుంటుంది. చివరి దశలో ముదరని కణాలు వెల్లువెత్తి, నెలలలో ప్రాణం తీస్తుంది. మజ్జ మార్పిడి కుదిరిన కొద్దిమందిని విడిచిపెడితే, రోగం తెలిసిన తరువాత చాలామంది మూడు నుండి అయిదారేళ్ళకు మించి బ్రతికేవారు కాదు. స్విట్జర్లాండులోని బాసెల్ నగరంలో నికొలస్ లైడన్, యూర్గ్ జిమ్మర్‌మన్ ప్రభృతులు ఏటీపీ కూర్చునే గూటిలో తాను కూర్చొని మీటను మూసివేసే ఒక అణువును తయారు చేసినారు. అమెరికాలోని పోర్ట్‌లాండ్ వైద్యుడు బ్రయాన్ డ్రూకర్ అది ఈ రోగపు కణాలనే ఎంచి చంపుతున్నదని చూపించినాడు. 1996లో ఆ ఫలితం వెలువడింది. 1998 జూనులో రోగులకు ఇవ్వడం మొదలైనది. మూడు వందల మిల్లీగ్రాములు, అంతకు మించి తీసుకున్న యాభై నలుగురిలో యాభై ముగ్గురికి రక్తకణాల లెక్క మామూలు స్థితికి వచ్చింది. 2001 మే 10న అమెరికా ప్రభుత్వం అనుమతి ఇచ్చింది. మందు పేరు ఇమాటినిబ్. రోజూ నోటితో వేసుకునే మాత్ర. ఈ మందుతో చికిత్స మొదలుపెట్టిన రోగులను పదేళ్ళకు పైగా గమనించి 2017లో ప్రకటించిన లెక్క ప్రకారం, పదేళ్ళ తరువాత నూటికి ఎనభై ముగ్గురు జీవించి ఉన్నారు.

నాకు చదువు చెప్పే అవకాశం ఇచ్చిన పిల్లలలో ఒకడు, ఇప్పుడు లారీ నడుపుతున్నవాడు, ఆ మధ్య పరీక్ష కాగితం పట్టుకొని మా ఇంటికి వచ్చినాడు. “మాస్టారూ! నేను ఎన్నడూ విమానం ఎక్కినవాడిని కాను. ఈ ఫిలడెల్ఫియా జబ్బు నాకెట్లా వచ్చిందండీ?” అని అడిగినాడు. అది ఊరి నుండి వచ్చిన జబ్బు కాదనీ, తల్లిదండ్రుల నుండి వచ్చినదీ కాదనీ, పుట్టిన తరువాత ఒక్క కణంలో పడిన అతుకు అనీ చెప్పినాను. అతని మొహంలో కొంత తేట కనిపించింది. అతని పిల్లలకు వస్తుందేమోనన్న భయం అతనిని ఎక్కువగా తింటున్నదని అప్పుడు అర్థమైనది. పోతూ పోతూ అసలు మాట చెప్పినాడు: “రిపోర్టులో అంకె బాగా తగ్గిందండీ. ఒంట్లో కులాసాగానే ఉంది. మాత్రలు మానేద్దామనుకుంటున్నాను.”

అతనిని మళ్ళీ కూర్చోబెట్టినాను. తాళపత్ర గ్రంథాల సంగతి చెప్పినాను. ఒక లేఖకుడు ఒకచోట తప్పు వ్రాస్తాడు. ఆ ప్రతిని చూచి వ్రాసిన పది ప్రతులలోనూ ఆ తప్పు ఉంటుంది. పదిలో ఒకదానిలో మరో కొత్త తప్పు చేరుతుంది. దాని సంతానంలో రెండు తప్పులు ఉంటవి. పాఠాంతరాలు పోల్చి చూసే పరిష్కర్త, ఏ ప్రతి ఏ ప్రతికి బిడ్డయో ఈ తప్పులను బట్టే చెప్పగలడు. నోవెల్ 1976లో ‘సైన్స్’ పత్రికలోనే కేన్సరు గురించి అచ్చంగా ఈ సంగతే చెప్పినాడు. గడ్డ ఒకే కణం సంతానం. ఆ సంతానంలో కొత్త కొత్త మార్పులు చేరుతుంటవి. వాటిలో బలమైనవి మిగిలినవాటిని తోసివేసి పెరుగుతవి. రోగం ముదరడమంటే ఇదే. ఇమాటినిబ్ వచ్చిన ఏడాదే, 2001లో, ఈ సిద్ధాంతం రోగుల శరీరాలలో రుజువైనది. ముదిరిన దశలో మందు కొంతకాలం పనిచేసి విఫలమైనవారి కణాలను చార్లెస్ సాయర్స్ బృందం పరీక్షిస్తే, మందు కూర్చునే గూటిలో ఒకే ఒక్క అక్షరం మారి ఉండడం కనిపించింది. అందుకే 2006లో డాసాటినిబ్, 2007లో నిలోటినిబ్ వంటి తరువాతి మందులు రావలసి వచ్చినవి. మొండిదైన ఆ ఒక్క మార్పుకు అవి కూడా చాలలేదు, వేరే మందులు వెదకవలసి వచ్చింది.

పరీక్ష కాగితంలోని అంకె చెప్పేది, తప్పు ప్రతులు ఇంకా ఎన్ని మిగిలి ఉన్నవనే. అది 0.1 శాతానికి దిగితే మంచి గుణం అంటారు; ఇక లేవని దాని అర్థం కాదు. ఫ్రాన్సు దేశపు వైద్యులు, రెండేళ్ళకు పైగా గుర్తు అసలే కనిపించని నూరు మంది చేత మందు మాన్పించి చూసి, ఆ ఫలితాన్ని 2010లో ప్రకటించినారు. ఏడాది తరువాత సుమారు నలభై మందికి రోగం తిరగబెట్టలేదు. మిగిలినవారికి తిరగబెట్టింది, మళ్ళీ మందు మొదలుపెట్టవలసి వచ్చింది. మానడమన్నది ఉన్నదే గాని, అది వైద్యుని కనుసన్నలలో, పదేపదే పరీక్షలతో జరగవలసిన పని. ఒంట్లో కులాసాగా ఉన్నదని మనమే తీర్చుకునే మాట కాదు. ఇంతా విని అతడు, “అయితే రేపు బస్సెక్కి డాక్టరు గారినే అడుగుతాను లెండి” అని వెళ్ళినాడు.

అతడు నెలనెలా ఆ మాత్ర కొనగలుగుతున్నాడంటే దానికీ ఒక చరిత్ర ఉన్నది. మొదట్లో మన దేశంలో విదేశీ సంస్థ అమ్మిన మందు ఒక నెలకు లక్ష రూపాయలకు పైబడేది. హైదరాబాదులోని నాట్కో వంటి స్వదేశీ సంస్థలు సుమారు పదో వంతు ధరకే అదే మందును తయారు చేసినవి. ఆ మందు స్ఫటిక రూపానికి పేటెంటు కావాలని విదేశీ సంస్థ నోవార్టిస్ కోరింది. చెన్నైలోని పేటెంటు కార్యాలయం 2006లో నిరాకరించింది. వివాదం సుప్రీంకోర్టు దాకా సాగి, 2013 ఏప్రిల్ 1న తీర్పు వచ్చింది. తెలిసిన పదార్థానికి కొత్త రూపం ఇచ్చినంత మాత్రాన చాలదు, చికిత్సలో దాని గుణం పెరిగినట్లు చూపాలి అన్నది దాని సారాంశం. గుర్తును కనుగొన్నది ఒక దేశం, చారలు చదివినది మరొక ఊరు, మందు చేసినది ఇంకొక ఖండం. అది సామాన్యుని చేతికి అందడానికి న్యాయస్థానం కూడా కావలసి వచ్చింది.

ఈ కథ విని ప్రతి గుర్తునూ నిప్పే అనుకోరాదు. ప్రోస్టేటు కేన్సరుకు రక్తంలో చూసే పీఎస్ఏ ఆరోగ్యవంతుని గ్రంథి కూడా తయారు చేసే పదార్థమే. వయసు మీరి గ్రంథి ఉబ్బినా అది పెరుగుతుంది. అది పొగ, ఒక్కొక్కసారి పొగమంచు. రొమ్ము కేన్సరులో కొందరికి మితిమీరి కనిపించే హెర్2 పొగా, నిప్పూ కూడా. దానిని పట్టే ట్రాస్టుజుమాబ్ మందు 1998లోనే వచ్చింది. చాలా కేన్సర్లలో ఒక్క వైరి సమాసంతో పోదు. పుటపుటకూ తప్పులు ఉంటవి. ఏది కారణం, ఏది ఫలితం అని విడదీయడమే నేటికీ ఆ శాస్త్రజ్ఞుల నిత్యకృత్యం.

చివరగా ఒక మాట. 1998లో లాస్కర్ పురస్కారం నోవెల్‌కూ, రౌలీకీ, ఆల్ఫ్రెడ్ నడ్సన్‌కూ కలిపి ఇచ్చినారు. పొట్టి క్రోమోజోమును మొదట కంటితో చూసిన హంగర్‌ఫర్డ్ అప్పటికి లేడు, 1993లోనే మరణించినాడు. రౌలీ 2013లో, నోవెల్ 2016లో వెళ్ళిపోయినారు. హంగర్‌ఫర్డ్ పేరు తెలిసినవారు తక్కువ, మన సుబ్బారావు గారి పేరు తెలిసినవారు తక్కువైనట్లే. ఒక గుర్తు చరిత్ర చెప్పుకునేటప్పుడు దానిని గుర్తించినవారిని కూడా గుర్తు పెట్టుకోవడం మన ధర్మం.

ఈ టపాలో మాంసకృత్తు, మజ్జ మార్పిడి వంటి మాటలు వాడినాను. కేన్సరు గుర్తు అన్నదానికి ఇంతకంటె మంచి తెలుగు మాట, పామరునికి కూడా బోధపడేది, వైద్య విద్య చదివిన మిత్రులు ఎవరైనా సూచిస్తే సంతోషిస్తాను. పరీక్ష చీటీ చేతిలో పెట్టినప్పుడు రోగికి ముందు అర్థం కావలసినది ఆ మాటే.